పోస్టులన్నీ తెలుగులోకి మారాయి, ఫుటర్ ఒక్కటే మొండికేసింది

వెబ్‌సైట్ సందేహాలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే బాధ. వర్డ్‌ప్రెస్ సైట్‌కు అనువాద ప్లగిన్ పెట్టారు, సగం తెలుగు వచ్చింది, సగం ఇంగ్లిష్‌లోనే ఉండిపోయింది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా షాపు మెట్లెక్కి వచ్చేవాళ్లూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. కోడ్ పేర్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, అక్షరాల కిందుగా అడ్డగీత (_) కనిపించిన చోట అండర్‌స్కోర్ పెట్టండి.

ప్రశ్న: అన్నా, మా నాన్నది నారాయణపేటలో చీరల దుకాణం. నేను డిగ్రీ చదువుతూ సైట్ చేశాను. పాలీలాంగ్ అనే అనువాద ప్లగిన్ పెట్టి ఇంగ్లిష్, తెలుగు రెండు భాషలు ఇచ్చాను. రాయచూర్ వైపు నుంచి కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి కన్నడ కూడా కలిపాను, పేజీలు ఇంకా రాయలేదు. చీరల పేజీలన్నీ బాగానే మారుతున్నాయి. హోమ్ పేజీ బ్యానర్ మీద లైను, ఫుటర్‌లో (పేజీ అడుగు భాగం) అడ్రస్ పైన హెడ్డింగ్ మాత్రం ఏ భాష నొక్కినా ఇంగ్లిష్‌లోనే ఉంటున్నాయి. పిఎల్ఎల్_ఈ అని టెంప్లేట్‌లో పెట్టినా మారుతలేదు. కన్నడ బటన్ అసలు కనిపించడమే లేదు. తెలుగు పేజీలో 'సంప్రదించండి' నొక్కితే ఇంగ్లిష్ పేజీకి పోతోంది. డబ్బు పెట్టి ఇంకో ప్లగిన్ కొనాలా? (డిగ్రీ విద్యార్థి, నారాయణపేట)

జవాబు: ఏదీ కొనొద్దు తమ్ముడూ. నీ ప్లగిన్ బాగానే ఉంది.

ముందు ఒక సంగతి తేల్చుకో. పాలీలాంగ్ తనంతట తాను ఏ వాక్యాన్నీ తెలుగు చెయ్యదు. ఇంగ్లిష్ పేజీ నువ్వే రాస్తావు, తెలుగు పేజీ నువ్వే రాస్తావు, ఈ రెండూ జత అని అది గుర్తుపెట్టుకుంటుంది. చీరల పేజీలు డేటాబేస్‌లో పోస్టులుగా ఉన్నాయి కాబట్టి జత కుదిరింది. ఫుటర్ హెడ్డింగ్ పోస్టు కాదు, థీమ్ (సైట్‌కు రూపమిచ్చే ఫైళ్ల కట్ట) చేసినవాళ్లు ఫుటర్ ఫైల్‌లో నేరుగా కొట్టిన లైను. అలాంటి లైను ఒకటి ఉందని ప్లగిన్‌కు తెలియదు, మనమే చెప్పాలి.

చెప్పడానికి రెండు పనులున్నాయి. పిఎల్ఎల్_రిజిస్టర్_స్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో ఆ లైనును నమోదు చేయాలి. తర్వాత టెంప్లేట్‌లో పిఎల్ఎల్_ఈ తో దాన్ని పిలవాలి. నమోదు లేకుండా పిలవడం రేషన్ కార్డులో పేరెక్కించకుండా షాపు ముందు సంచి పట్టుకుని నిలబడడం లాంటిది. ఎవరూ తిట్టరు, బియ్యం మాత్రం రావు. పిఎల్ఎల్_ఈ కూడా ఎర్రర్ ఇవ్వదు. అనువాదం దొరక్కపోతే నువ్విచ్చిన ఇంగ్లిష్ లైనునే చూపించి ఊరుకుంటుంది. అందుకే అందరూ ప్లగిన్ పాడైందనుకుంటారు.

నువ్వు పంపిన ఫుటర్ ఫైల్ చూశాను. నమోదు లైను రాశావు, కానీ దాన్ని కూడా ఫుటర్ ఫైల్‌లోనే పెట్టావు. చిక్కు అక్కడుంది. ఫుటర్ ఫైల్ నడిచేది ఎవరైనా సైట్ తెరిచినప్పుడే. నువ్వు అడ్మిన్‌లోకి పోయి భాషల మెనూ కింద అనువాదాల పేజీ తెరిచినప్పుడు దాన్ని ఎవరూ పిలవరు. పాలీలాంగ్ ఏమో నమోదును అడ్మిన్ వైపు నుంచే తీసుకుంటుంది. కాబట్టి ఆ జాబితాలో నీ లైను రాదు, లేని లైనుకు తెలుగు రాసే చోటూ ఉండదు. ఫంక్షన్స్ ఫైల్ అయితే సైట్ తెరిచినా అడ్మిన్ తెరిచినా నడుస్తుంది. నమోదు లైనును తీసి అక్కడ పెట్టు. అసలు థీమ్‌లో కాదు, చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద మన మార్పులను విడిగా దాచుకునే చిన్న థీమ్) ఫంక్షన్స్ ఫైల్‌లో. లేకపోతే థీమ్ అప్‌డేట్ వచ్చిన రోజు నీ మార్పులన్నీ తుడుచుకుపోతాయి.

ఆ ఫంక్షన్‌కు వరసగా మూడు మాటలివ్వు. మొదటిది నీకు గుర్తుండే చిన్న పేరు, రెండోది అసలు ఇంగ్లిష్ లైను, మూడోది గుంపు పేరు. గుంపుకు దుకాణం పేరు పెట్టుకో. రేపు లైన్లు పెరిగినప్పుడు జాబితాలో వెతుక్కోవడం తేలిక. నాలుగో మాటగా ట్రూ అని ఇస్తే రాసుకునే పెట్టె పెద్దదవుతుంది, నాలుగు వరసల అడ్రస్‌కు అది కావాలి.

ఇప్పుడు అనువాదాల పేజీ తెరువు. లైను కనిపిస్తుంది, పక్కన తెలుగు రాసి సేవ్ చేయి. అప్పటికీ మారకపోతే నమోదులో ఉన్న ఇంగ్లిష్ లైనునూ, టెంప్లేట్‌లో పిఎల్ఎల్_ఈ కి ఇచ్చిన లైనునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. పాలీలాంగ్ అనువాదాన్ని వెతికేది ఆ ఇంగ్లిష్ లైనును పట్టుకునే, నువ్వు పెట్టిన చిన్న పేరును పట్టుకుని కాదు. ఒక చోట చివర చుక్క ఉండి ఇంకో చోట లేకపోయినా, రెండు మాటల మధ్య ఒక స్పేస్ ఎక్కువున్నా, మొదటి అక్షరం పెద్దదైనా దానికి అవి రెండు వేర్వేరు లైన్లు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇక్కడే దొరుకుతాయి. ఇంగ్లిష్ లైనును ఒకసారే కొట్టి రెండో చోట అతికించు. మధ్యలో వర్డ్ ఫైల్‌లో మాత్రం దాచుకోకు. అది నిలువు కొటేషన్లను వంకర కొటేషన్లుగా మార్చేస్తుంది, వాటిని పిహెచ్‌పి (వర్డ్‌ప్రెస్ కోడ్ రాసే భాష) కొటేషన్లుగా ఒప్పుకోదు.

ఇంగ్లిష్ లైనును తర్వాత ఎప్పుడైనా సరిదిద్దావా, పాత తెలుగు దానికి అంటదు. కొత్త లైను ఖాళీ పెట్టెతో వస్తుంది, మళ్లీ రాయాలి. పాతవి డేటాబేస్‌లో పేరుకుంటాయి. వాటిని ఊడ్చడానికి అదే పేజీ కింద ఒక టిక్ ఉంది. అవసరం లేదని తేలాకే ఆ టిక్ పెట్టు.

నీ కోడ్‌లో ఇంకో చోట పిఎల్ఎల్ తర్వాత రెండు అండర్‌స్కోర్లున్న ఫంక్షన్ వాడి, అక్కడ ఏమీ రావడం లేదని రాశావు. అది మాటను తెచ్చి చేతికిస్తుంది, స్క్రీన్ మీద వేయదు. స్క్రీన్ మీద వేయమని చెప్పే ఎకో అనే మాటను దాని ముందు పెట్టాలి. పిఎల్ఎల్_ఈ అయితే తానే వేసేస్తుంది. అందుకే దాన్ని ఇంకో వాక్యం మధ్యలో చుక్కతో అతికించకూడదు. అతికిస్తే మాట ఉండాల్సిన చోట కాకుండా ఆ వాక్యానికి ముందే వచ్చి పడుతుంది.

బ్యానర్ సంగతి వేరు కావచ్చు. ఆ లైను మీద మౌస్ పెట్టి లాగి చూడు. అక్షరాలు సెలెక్ట్ కాకపోతే అది ఫొటోలో భాగం. గుడి అంచు చీర ఫొటో మీద ఎవరో డిజైనర్ అక్షరాలు దించి ఇచ్చి ఉంటాడు. బొమ్మలో కలిసిపోయిన మాటను ఈ ప్లగిన్ ముట్టుకోదు. అక్షరాల్లేని ఫొటో అడిగి తెచ్చుకుని, లైనును పైన టెక్స్ట్‌గా పెట్టి, దాన్నీ ఫుటర్ హెడ్డింగ్ లాగే నమోదు చేయి.

కన్నడ బటన్ గురించి. పిఎల్ఎల్_ద_లాంగ్వేజెస్ అనే ఫంక్షన్ భాషల బటన్లు వేస్తుంది. ఒక్క పోస్టు కూడా లేని భాషను అది దాచేస్తుంది. హైడ్_ఇఫ్_ఎంప్టీ అనే ఆప్షన్ మామూలుగా 1 ఉంటుంది, 0 చేస్తే బటన్ వస్తుంది. కానీ చేయొద్దు. పేజీలే లేని కన్నడ బటన్ నొక్కి ఖాళీ హోమ్ పేజీకి పోయిన రాయచూర్ కస్టమర్ మళ్లీ మీ సైట్ తెరవడు. నాలుగు పేజీలైనా కన్నడలో రాశాక ఆ బటన్ దానంతటదే వస్తుంది. ఏదైనా ఒక పేజీకి మాత్రమే ఆ భాషలో జత లేకపోతే బటన్ ఆ భాష హోమ్ పేజీకి తీసుకెళ్తుంది. అలా వద్దనుకుంటే హైడ్_ఇఫ్_నో_ట్రాన్స్‌లేషన్ 1 చేయి. బటన్ల ముందు చుక్కలు పడి వరస తప్పాయన్నావు కదా, ఆ ఫంక్షన్ ఎల్ఐ ట్యాగులు మాత్రమే ఇస్తుంది. చుట్టూ యుఎల్ ట్యాగ్ నువ్వే రాయాలి, తర్వాత స్టైల్‌లో చుక్కలు తీసేయాలి.

చివరగా 'సంప్రదించండి' లింకు. టెంప్లేట్‌లో గెట్_పర్మాలింక్ కు పేజీ నంబర్ నేరుగా ఇచ్చారు. ఆ నంబర్ ఇంగ్లిష్ పేజీది. తెలుగు పేజీకి వేరే నంబర్ ఉంటుంది. నంబర్‌ను ముందు పిఎల్ఎల్_గెట్_పోస్ట్ లో పెట్టి, అది ఇచ్చినదాన్ని గెట్_పర్మాలింక్ కు ఇవ్వు. అప్పుడు కస్టమర్ ఏ భాషలో ఉంటే ఆ భాష పేజీ వస్తుంది. ఇందులో ఒక గుంట ఉంది, చూసుకుని నడువు. జత పేజీ లేకపోతే పిఎల్ఎల్_గెట్_పోస్ట్ నుంచి ఉత్త చెయ్యే వస్తుంది. ఆ ఖాళీని గెట్_పర్మాలింక్ 'ఇప్పుడు తెరిచి ఉన్న పేజీ' అని అర్థం చేసుకుంటుంది. కన్నడలో సంప్రదింపు పేజీ రాయకముందు ఎవరైనా ఆ లింకు నొక్కితే ఉన్న పేజీయే మళ్లీ తెరుచుకుంటుంది, బటన్ చచ్చిపోయిందనుకుంటారు. కాబట్టి జత దొరికిందా లేదా ఒక ఇఫ్ తో చూసి, దొరక్కపోతే ఇంగ్లిష్ పేజీకి పంపు.

అన్నీ అయ్యాక కాష్ ప్లగిన్‌లో పాత కాపీలు ఖాళీ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో చూడు. లాగిన్ అయి ఉన్న నీకు కొత్తది, బయటివాళ్లకు పాతది కనిపించడం మామూలే.

ప్రశ్న: సార్, మా మిల్లు సైట్ నెమ్మదిగా ఉందని అనువాద ప్లగిన్‌ను ఆపాను. వెంటనే సైట్ మొత్తం పోయింది, 'క్రిటికల్ ఎర్రర్' అని ఒక్క లైను వస్తోంది. సీజన్‌లో ఉన్నాం, చాలా టెన్షన్‌గా ఉంది. (రైస్ మిల్లు యజమాని, మిర్యాలగూడ)

జవాబు: టెన్షన్ వద్దు, డేటా ఏమీ పోలేదు. మీ సైట్ చేసిన అబ్బాయి థీమ్‌లో పిఎల్ఎల్_కరెంట్_లాంగ్వేజ్ లాంటి ఫంక్షన్‌ను నేరుగా పిలిచాడు. ప్లగిన్ ఆగగానే ఆ ఫంక్షన్ లేకుండా పోయింది. లేని ఫంక్షన్‌ను పిలిస్తే పిహెచ్‌పి అక్కడికక్కడే ఆగిపోతుంది.

అడ్మిన్ తెరుచుకుంటే ప్లగిన్‌ను మళ్లీ ఆన్ చేయండి, సైట్ వచ్చేస్తుంది. పిలుపు హెడర్ ఫైల్‌లో ఉంటే అడ్మిన్ తెరుచుకుంటుంది, ఫంక్షన్స్ ఫైల్‌లో ఉంటే అదీ పడిపోయి ఉండొచ్చు. అప్పుడు సైట్ అడ్మిన్ ఈమెయిల్ చూడండి. 2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి ఇలాంటప్పుడు రికవరీ మోడ్ లింకుతో ఒక మెయిల్ వస్తుంది. మన దగ్గర చాలా సైట్లలో ఆ ఈమెయిల్ యజమానిది ఉండదు, ఎప్పుడో సైట్ చేసిచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోయిన అబ్బాయిది ఉంటుంది. అలా అయితే అతనికి ఫోన్ చేయండి, ఈమెయిల్ కూడా ఈ దెబ్బతో మార్పించండి. అతను దొరక్కపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో థీమ్ ఫైల్ తెరిచి ఆ లైనును సరిచేయాలి.

సరిచేయడం అంటే ఆ పిలుపు ముందు 'ఈ ఫంక్షన్ ఉందా' అని ఫంక్షన్_ఎగ్జిస్ట్స్ తో అడగడం. ఉంటే పిలుస్తుంది, లేకపోతే ఇంగ్లిష్‌లో చూపించి ముందుకు పోతుంది. ప్లగిన్ ఫంక్షన్‌ను థీమ్‌లో పిలిచే ప్రతి చోటా ఇది ఉండాలి. ఎవరైనా సైట్ చేసిచ్చినప్పుడు వాళ్ల ముందే ప్లగిన్‌ను ఒకసారి ఆపించి చూడండి, బిల్లు ఆ తర్వాత కట్టండి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ సైట్ రెండేళ్లుగా బాగా నడిచింది. హోస్టింగ్ వాళ్లు పిహెచ్‌పి 7.4 నుంచి 8కి మార్చారు. అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో వెతికితే ఫలితాలు వస్తున్నాయి, తెలుగులో వెతికితే సైట్ పడిపోతోంది. థీమ్ తెలుగు అనువాదం నేనే లోకో ట్రాన్స్‌లేట్ అనే ప్లగిన్‌లో చేశాను. (కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: ఉత్తరం చదవగానే అనుమానం మీ తెలుగు కీబోర్డు మీదికి పోయింది. మీరు పంపిన లాగ్ చూశాక అదే తేలింది.

థీమ్‌లో వెతుకులాట పేజీ హెడ్డింగ్‌లో శాతం గుర్తు, దాని పక్కన ఇంగ్లిష్ ఎస్ ఉంటాయి. వెతికిన మాట వచ్చి కూర్చునే ఖాళీ అది. అనువాదంలో దాన్ని ఉన్నది ఉన్నట్టు దించాలి. మీరు తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంచి ఎస్ కొట్టారు, అది 'స్' అయింది. అంటే శాతం గుర్తు పక్కన తెలుగు సకారం పడింది. తెలుగు లైను వెంట తెలుగు అక్షరమే ఉంది కాబట్టి కంటికి తప్పుగా తోచదు.

పాత పిహెచ్‌పి తనకు తెలియని ఇలాంటి గుర్తును చప్పుడు చేయకుండా మింగేసేది. వెతికిన మాట హెడ్డింగ్‌లో రాలేదని అప్పట్లోనే మీరు గమనించి ఉండాల్సింది. 8వ వెర్షన్ నుంచి తెలియని గుర్తు కనిపిస్తే వాల్యూఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇంగ్లిష్ లైనులో గుర్తు సరిగ్గా ఉంది కాబట్టి అక్కడ ఏమీ కాలేదు.

లోకోలో ఆ లైను తెరిచి ఇంగ్లిష్ నుంచి గుర్తును కాపీ చేసి అతికించండి. శాతం గుర్తున్న మిగతా లైన్లన్నీ అక్కడే వెతికి చూడండి, ఎస్ బదులు ఇంగ్లిష్ డీ (అంకె వచ్చే ఖాళీ) ఉన్నవి కూడా. ఈ పనికి పోఎడిట్ అనే ప్రోగ్రాం ఇంకా నయం. గుర్తులు సరిపోకపోతే సేవ్ చేసేటప్పుడే చెబుతుంది.

ఇంకొకటి, రెండు ఖాళీలున్న లైన్లు. ఫలానావారు ఫలానా తేదీన రాశారు అనే లైనులో తెలుగులో తేదీ ముందు రావాలనిపిస్తే ఉత్త శాతం-ఎస్ లను అటూ ఇటూ మార్చి లాభం లేదు. రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పేరు ఉండాల్సిన చోట తేదీ, తేదీ చోట పేరు పడతాయి. శాతం గుర్తు తర్వాత 1 లేదా 2, తర్వాత డాలర్ గుర్తు, తర్వాత ఎస్ రాయండి. ఏ నంబర్‌ను ఎక్కడ పెట్టినా దాని మాట అక్కడికే వస్తుంది. పిహెచ్‌పి కోడ్‌లో రాస్తున్నట్టయితే సింగిల్ కొటేషన్లలోనే పెట్టాలి. డబుల్ కొటేషన్లలో డాలర్ ఎస్ ను పిహెచ్‌పి వేరియబుల్ అనుకుంటుంది.

ప్రశ్న: తెలుగు అనువాదం మొత్తం పూర్తి చేసి, ఫైల్‌కు టిఈ_ఐఎన్ అని పేరు పెట్టి థీమ్‌లో లాంగ్వేజెస్ ఫోల్డర్‌లో వేశాను. ఒక్క మాట కూడా మారలేదు. హిందీకి హెచ్ఐ_ఐఎన్ అని పెడితే మాత్రం పనిచేసింది. ఇది తెలుగు మీద వివక్షా? (లెక్చరర్, దేవరకొండ)

జవాబు: వివక్ష ఏమీ లేదు మాస్టారూ, పేర్ల పట్టిక అలా ఉంది. వర్డ్‌ప్రెస్‌లో హిందీ కోడ్ హెచ్ఐ_ఐఎన్, తమిళం టిఏ_ఐఎన్, మలయాళం ఎమ్ఎల్_ఐఎన్. వీటిలో ఐఎన్ మాత్రం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. తెలుగు ఉత్త టిఈ, కన్నడ ఉత్త కెఎన్, ఉర్దూ ఉత్త యుఆర్. ఇందులో లాజిక్ వెతక్కండి.

థీమ్ సొంత ఫోల్డర్‌లో అయితే ఫైల్ పేరు టిఈ, చుక్క, ఎమ్ఓ. వర్డ్‌ప్రెస్ కంటెంట్ ఫోల్డర్‌లోని లాంగ్వేజెస్, దాని కింద థీమ్స్ ఫోల్డర్‌లో వేస్తే ముందు థీమ్ టెక్స్ట్ డొమైన్ (అనువాదాల కోసం థీమ్‌కు పెట్టిన పేరు), ఒక హైఫన్, తర్వాత టిఈ. ప్లగిన్లకు ఎక్కడైనా డొమైన్ పేరు ముందుండాలి. థీమ్ ఫోల్డర్‌లో ఉన్నది అప్‌డేట్‌తో పోతుంది. అంత కష్టపడి చేశారు కదా, లోకోలో 'కస్టమ్' అనే చోట సేవ్ చేయండి. అది లాంగ్వేజెస్ కింద లోకో ఫోల్డర్‌లో ఉంటుంది, అప్‌డేట్లు దాని జోలికి పోవు.

ప్రశ్న: మా స్కూల్ సైట్‌లో తెలుగు, ఉర్దూ రెండూ పెట్టాం. ఉర్దూ అక్షరాలు వస్తున్నాయి కానీ పేజీ ఎడమ నుంచే మొదలవుతోంది. మెనూ, వరసలు అన్నీ ఎడమ పక్కే ఉన్నాయి. పిల్లల తల్లులు చదవలేకపోతున్నామంటున్నారు. (ఉర్దూ మీడియం టీచర్, నల్లగొండ)

జవాబు: మేడమ్, ముందు పాలీలాంగ్ భాషల పేజీలో ఉర్దూ తెరిచి, దిశ దగ్గర కుడి నుంచి ఎడమకు అని ఉందో లేదో చూడండి. మామూలుగా ఉంటుంది. తర్వాత థీమ్ హెడర్ ఫైల్ మొదట్లో హెచ్‌టిఎమ్ఎల్ ట్యాగ్ చూడండి. మీ సైట్‌లో అక్కడ భాష ఇంగ్లిష్ అని చేత్తో రాసి ఉంది. ఆ మాట తీసి లాంగ్వేజ్_అట్రిబ్యూట్స్ అనే ఫంక్షన్ పిలుపు పెట్టించండి. ఏ భాష పేజీ అయితే ఆ భాష పేరు, ఉర్దూకు కుడివైపు దిశ అదే రాసుకుంటుంది.

బాడీ ట్యాగ్‌లో బాడీ_క్లాస్ ఉంటే ఉర్దూ పేజీలకు ఆర్‌టిఎల్ (కుడి నుంచి ఎడమకు అని అర్థం) అనే క్లాస్ కూడా తగులుతుంది. దాన్ని పట్టుకుని మెనూను కుడికి జరపడం మీ సైట్ చూసే అబ్బాయికి చిన్న పని. థీమ్‌లో ఆర్‌టిఎల్ స్టైల్ ఫైల్ విడిగా ఉంటే ఇంకా తేలిక.

ఫాంటు కూడా మార్చమనండి. ఇప్పుడున్నది అరబిక్ పత్రికల తరహా అక్షరం. మన ఉర్దూ పాఠకుల కంటికి నస్తాలీఖ్ అనే వాలు రాత అలవాటు. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితంగా దొరుకుతుంది. ఆ అక్షరాలు వాలుగా కిందికి దిగుతాయి కాబట్టి వరసల మధ్య ఎడం బాగా పెంచాలి, లేకపోతే పై వరస కింది వరస మీద పడుతుంది. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష, స్కూల్ సైట్‌లో ఇంత మాత్రం అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ప్రశ్న: మా కాలేజీ పాత సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చాం. ప్రతి హెడ్డింగ్‌లో చదరపు బ్రాకెట్లో కోలన్, ఇఎన్ అని, తర్వాత ఇంగ్లిష్, మళ్లీ బ్రాకెట్లో కోలన్, టిఈ అని, తర్వాత తెలుగు, రెండూ కలిసి వస్తున్నాయి. వైరస్ పట్టిందా? (ఆఫీసు క్లర్కు, నాగర్‌కర్నూల్)

జవాబు: వైరస్ కాదు. మీ పాత సైట్‌లో క్యూట్రాన్స్‌లేట్ కుటుంబానికి చెందిన ప్లగిన్ ఉండేది. అది రెండు భాషలనూ ఒకే పెట్టెలో, మధ్యలో ఈ గుర్తులు పెట్టి దాచేది, చూపించేటప్పుడు కావలసినది కోసి ఇచ్చేది. సర్వర్ మార్చినప్పుడు ప్లగిన్ రాలేదు, కోసేవాళ్లు లేక మొత్తం బయటపడింది. క్యూట్రాన్స్‌లేట్ ఎక్స్ ఆగిపోయింది. దాని కొనసాగింపు క్యూట్రాన్స్‌లేట్ ఎక్స్‌టి గిట్‌హబ్‌లో దొరుకుతుంది. అది పెడితే ఈరోజుకు పని గడుస్తుంది.

శాశ్వతంగా వేరే ప్లగిన్‌కు మారాలంటే ఒక్కో పోస్టును రెండుగా విడదీయాలి. దయచేసి డేటాబేస్‌లోకి దిగి ఫైండ్-రీప్లేస్ కొట్టకండి. సైట్ సెట్టింగుల్లో చాలావరకు ప్రతి మాట పక్కన దాని పొడవు అంకెగా రాసి ఉంటుంది. మాట కుదించి అంకె వదిలేస్తే ఆ సెట్టింగు మొత్తం చదవడానికి పనికిరాదు. డబ్ల్యూపీ-సిఎల్ఐ (కమాండ్లు కొట్టి వర్డ్‌ప్రెస్‌ను నడిపే పనిముట్టు) లోని సెర్చ్-రీప్లేస్ ఆ అంకెలను కూడా సరిచేస్తుంది. బ్యాకప్ తీసుకున్నాకే దాన్నీ ముట్టుకోండి.

ప్రశ్న: తెలుగు పేజీ లింకు వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలు బారెడు వస్తున్నాయి. పెద్ద హెడ్డింగ్ పెడితే లింకు సగంలో తెగిపోతోంది. (విలేఖరి, సూర్యాపేట)

జవాబు: లింకులో తెలుగు అక్షరం తెలుగులా ప్రయాణించదు. ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో పొల్లు విడిగా తొమ్మిది గుర్తులవుతాయి. వర్డ్‌ప్రెస్ లింకు పేరుకు ఇచ్చే చోటు 200 గుర్తులు. అంటే 22కు మించి పట్టవు, గుణింతాలు కూడా ఆ లెక్కలోనే. మీ హెడ్డింగులు అంతకంటే పొడుగు. పబ్లిష్ చేసే ముందు లింకు పేరు దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలు కొట్టండి. ఇంగ్లిష్ పేజీకి పెట్టిన పేరే తెలుగు పేజీకీ పెట్టాలంటే పాలీలాంగ్ ఉచిత వెర్షన్‌లో కుదరదు. తెలుగు దానికి చివర టిఈ తగిలించండి.

ప్రశ్న: పాత కరపత్రాల్లోని మ్యాటర్‌ను తెలుగు పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఇదీ అనువాద ప్లగిన్ తప్పేనా? (డీటీపీ సెంటర్, గద్వాల)

జవాబు: కాదు. ఆ మ్యాటర్ అను ఫాంట్లలో కొట్టింది, యూనికోడ్ కాదు. ముందు యూనికోడ్‌కు మార్చి అతికించండి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి కళ్లతో దిద్దుకోండి, కన్వర్టర్లు అక్కడే జారుతాయి. ఇప్పటికే సైట్‌లో పెట్టేసిన పేజీలుంటే వాటిని ముందు సరిచేయండి, ఎందుకంటే ఆ పేజీల్లోని ఒక్క తెలుగు మాటా గూగుల్‌కు దొరకదు.